కాకి ఏడో నిమిషం

సిడ్నీ విమానాశ్రయంలో ఇచ్చిన కాగితం మీద, జంతువులు గానీ పక్షులు గానీ వాటికి సంబంధించిన వస్తువులు గానీ వెంట తెచ్చారా అన్న ప్రశ్న ఉంది. జనార్దనరావు దానికి ‘అవును’ అని గుర్తు పెట్టి, పక్కన ముత్యాల్లాంటి ఇంగ్లీషు అక్షరాలతో ‘కాకి, ఒకటి’ అని రాశాడు.

ఆ కారణంగా ఆయనా, ఆయన భార్య జ్ఞానప్రసూనా బయట పడడానికి గంటన్నర పట్టింది. ముగ్గురు అధికారులు ఆవకాయ జాడీని పట్టించుకోకుండా ఒక తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బా చుట్టూ చేరారు. ఒకరు చేతులకు తొడుగులు వేసుకున్నారు. మూత తీస్తే లోపల పదహారు మిల్లీమీటర్ల ఫిల్ము చుట్ట ఉంది. కాకి అందులో ఉంది. బొమ్మ కాకి.

“సినిమా అని రాస్తే సరిపోయేదిగా,” అంది జ్ఞానప్రసూన, సామాను బండి తోసుకుంటూ.

“వాళ్లు అడిగింది పక్షి గురించి. ఉన్నదాన్ని లేదని ఎట్లా రాస్తాను?”

తెనాలి కాలేజీలో ముప్పయి మూడేళ్లు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన ఈ మనిషి చేత ఒక్క అబద్ధమైనా ఆడించగలిగిన వాళ్లు లేరని ఆవిడకు పెళ్లయిన వారానికే అర్థమైంది. చీర బాగుందా అని ఆ తరవాత ఎన్నడూ అడగలేదు.

అది 1999 ఏప్రిల్. కూతురు మంగళ వెస్ట్‌మీడ్‌లో పెద్దాసుపత్రి ఎదురుగా మూడో అంతస్తులో అద్దెకుంటోంది. పగలంతా ఒక బీమా కంపెనీ కంప్యూటర్లలో రెండంకెలుగా ఉన్న సంవత్సరాలను నాలుగంకెలుగా మార్చడం ఆమె ఉద్యోగం. ఆ మార్పు సకాలంలో జరగకపోతే డిసెంబరు ముప్పయి ఒకటి అర్ధరాత్రి లోకం ఆగిపోతుందని అప్పట్లో చాలామంది నమ్మారు. ఊళ్లో తెలుగువాళ్లు కొందరు బియ్యం బస్తాలు కొని మంచాల కింద దాస్తున్నారు. ఈ భయం మీద మాట్లాడడానికి తెలుగు సంఘం వారు జనార్దనరావును పిలిచారు. ఆగస్టు ఒకటో తేదీ ఆదివారం, సాయంత్రం నాలుగింటికి, దగ్గర్లోని హారిస్ పార్క్ పేటలో చిన్న హాలు. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. ఒప్పుకుని బిస్కెట్ల డబ్బా బయటికి తీశాడు.

ఆ ఫిల్ముకు ఒక చరిత్ర ఉంది. 1969లో మద్రాసులో ఒక విదేశీ గ్రంథాలయం వారు పాడైన చుట్టలను పారేస్తూ ఉంటే అడిగి తెచ్చుకున్నాడు. దాని తోక కాలిపోయింది. ఆడినంత మేర ఆరు నిమిషాలు. అది చీకటి చీకటిగా ఉండే ఒక పాత ఇంగ్లీషు పద్యానికి వెక్కిరింపుగా గీసిన బొమ్మల సినిమా. ఆ పద్యంలో భార్య పోయిన ఒక దొర శిథిలమైన కోటలో కూర్చుని ఏడుస్తూ ఉంటాడు. కిటికీలోంచి ఒక నల్లటి పక్షి వస్తుంది. ఆమె ఆత్మకు శాంతి ఉందా అని దొర అడుగుతాడు. పక్షి ముక్కుతో మూడుసార్లు కొడుతుంది. శాంతి లేదు, స్వర్గం లేదు, పునర్దర్శనం లేదు అని దొర అర్థం చెప్పుకుని నిలువునా కూలిపోతాడు.

బొమ్మ సినిమాలోనూ అదే దొర, అదే కోట, అవే ఉరుములు. తేడా అల్లా, దొర ముందు బల్ల మీద ఒక పళ్లెం, అందులో మూడు బిస్కెట్లు ఉంటాయి. మెడకు మఫ్లరు చుట్టుకుని తడిసి వచ్చిన కాకి పళ్లెం అంచు మీద మూడుసార్లు కొడుతుంది. దొర గుండెలు బాదుకుంటాడు. కాకి రెక్కతో బిస్కెట్లు చూపిస్తుంది. దొర అటకెక్కి గుమ్మడికాయంత పుస్తకం దించి, దుమ్ము ఊది, కాకి సంజ్ఞకు అర్థం వెతుకుతాడు. కాకి విసుగెత్తి సుద్దముక్కతో గోడ మీద ఒక గుండ్రం గీసి అందులో చుక్కలు పెడుతుంది. అది బిస్కెట్టు. దొర దాన్ని అనంత విశ్వం అనుకుని మళ్లీ ఏడుస్తాడు. చివరికి కాకి తల పట్టుకుని కాసేపు కూర్చుని, ఒక బిస్కెట్టు ముక్కున కరుచుకుంటుంది. అక్కడ ఫిల్ము కాలిపోయింది.

కాలిపోయిన భాగంలో ‘సమాప్తం’ అన్న అక్షరాలు తప్ప మరేమీ ఉండడానికి వీల్లేదని జనార్దనరావు అప్పుడే నిర్ణయించాడు. సినిమాకు మాటలు లేవు కనుక పక్కన నిలబడి తానే వ్యాఖ్యానం చెప్పేవాడు. చివరి వాక్యం ఎప్పుడూ ఒకటే: “కాకికి ఆకలి వేసింది, తిన్నది, పోయింది. అర్థమంతా మనిషి పెట్టుకున్నదే.” శకునాల మీద, దయ్యాల మీద, గ్రహణాల మీద గుంటూరు జిల్లాలో రెండువందల పద్నాలుగు బడుల్లో ఆ ఆరు నిమిషాలూ ఆడించాడు. ప్రతి ప్రదర్శనకూ తేదీ, ఊరు, హాజరు ఒక నోటుపుస్తకంలో ఉన్నాయి.

మొదటి ప్రదర్శన వాళ్లింట్లోనే జరిగింది. కొత్త కోడలు జ్ఞానప్రసూన గోడ మీద ఆ బొమ్మలు చూసి అడిగింది: “ఆ దొర రాత్రి అన్నం తినలేదాండీ?”

“అది విషయం కాదు ప్రసూనా,” అన్నాడు ఆయన.

ఇప్పుడు ఇబ్బంది ఏమిటంటే సిడ్నీలో ఆ చుట్టను ఆడించే యంత్రం వాళ్లకు దొరకలేదు. మంగళ ఆయనను హారిస్ పార్క్‌లో ఫుర్కాన్ నడిపే వీడియో దుకాణానికి తీసుకువెళ్లింది. ఫుర్కాన్‌ది హైదరాబాదు, మలక్‌పేట. హిందీ సినిమా క్యాసెట్ల పక్కనే చింతపండు కూడా అమ్ముతాడు.

“సార్, ఆ ప్రొజెక్టర్ ఇప్పుడు మ్యూజియంల కూడా దొరకదు. మీరు ఫికర్ చెయ్యకండి. కథ చెప్పండి, క్యాసెట్ నేను పట్టుకొస్త.”

జనార్దనరావు కథ చెప్పాడు. చెప్పడమంటే కౌంటర్ మీద చూపుడువేలితో మూడుసార్లు కొట్టి, రెక్కలాడించి, గుండెలు బాదుకుని మరీ చెప్పాడు. పప్పు కొనడానికి వచ్చిన నలుగురు ఆగిపోయారు.

“ఆ బిస్కెట్లు ఎవరివి సార్?” అన్నాడు ఫుర్కాన్ శ్రద్ధగా విని.

“దొరవి.”

“కాకి తీస్కపోతే మరి దొర ఏం తింటడు?”

“అది విషయం కాదు,” అన్నాడు జనార్దనరావు. ఎక్కడో ఈ ప్రశ్న విన్నానే అనుకున్నాడు గానీ, పట్టించుకోలేదు.

ఉపన్యాసానికి ముందు రోజు శనివారం సాయంత్రం ఫుర్కాన్ క్యాసెట్‌తో ఇంటికి వచ్చాడు. ఎవరో ముసలి ఆసామి గరాజ్ సేల్‌లో అమ్మిన పాత బొమ్మ సినిమాల సంకలనం. “మూడో నంబరు మీ కాకి సార్. అట్ట మీద మఫ్లర్ ఉంది, చూశా.” టీ తాగి వెళ్లిపోయాడు. క్యాసెట్‌ను మర్నాడు బయల్దేరే ముందు ఒకసారి వేసి చూద్దామనుకున్నారు.

ఆ మర్నాడే ఇంట్లో మరో కార్యక్రమం ఉంది.

పదకొండేళ్ల కిందట ఆషాఢ బహుళ చవితినాడు జనార్దనరావు తల్లి సుభద్రమ్మ పోయింది. ఆవిడ కళ్లు ఆసుపత్రికి ఇచ్చారు. కర్మకాండ ఏదీ ఆయన చెయ్యలేదు, చెయ్యనని ముందే తల్లికి చెప్పాడు కూడా. అయితే ఆవిడను చివరి రెండేళ్లు చూసుకున్నది జ్ఞానప్రసూన. ఆమె భర్తతో వాదించలేదు. ఏటా ఆ తిథినాడు అత్తగారికి ఇష్టమైన గారెలు, అల్లప్పచ్చడి, పరమాన్నం వండి, ఒక ముద్ద గోడ మీద పెట్టి, కాకి తినేదాకా తాను ముట్టేది కాదు. తెనాలిలో ఆ నిరీక్షణ రెండు నిమిషాలు. పక్షులకు తిండి పెట్టడం పట్ల జనార్దనరావుకు శాస్త్రీయమైన అభ్యంతరమేమీ కనబడలేదు. పైగా తిథి లెక్క కట్టేది ఆయనే. రాజమండ్రి రేఖాంశానికి వేసిన పంచాంగం సిడ్నీకి పనికిరాదని, ఈ ఏడు కాగితం మీద సవరించి మరీ ఇచ్చాడు. నమ్మకం ఉన్నా లేకపోయినా లెక్క తప్పుగా ఉండకూడదని ఆయన వాదం. ఆ రోజు మాత్రం ఆయన సిద్ధాంతం కోసం పదకొండింటికే ఒంటరిగా భోంచేసేవాడు. ఈసారీ రొట్టె కాల్చుకుని తిన్నాడు.

ముద్ద బాల్కనీ పిట్టగోడ మీదికి పదిన్నరకు చేరింది. పదకొండు దాటింది. పన్నెండయింది. ఆసుపత్రి కప్పు మీద ఎక్కడో ఒక కాకి పసిపిల్ల రాగం తీసినట్టు అరిచింది గానీ ఇటు రాలేదు. జ్ఞానప్రసూన పొద్దున్నే షుగరు మాత్ర వేసుకుంది. పన్నెండున్నరకు ఆమె గ్లాసు అందుకుంటూ ఉంటే చెయ్యి కొద్దిగా వణకడం జనార్దనరావు చూశాడు.

ఒంటిగంటకు రెక్కల చప్పుడయింది. వంటింట్లోంచి ఆమె గొంతు వినిపించింది. “వచ్చిందా? కాకేనా?”

పిట్టగోడ మీద కాకంత పక్షి ఒకటి ముద్దను ఆవురావురుమని తింటోంది. నల్లగా ఉంది. జనార్దనరావు అవునని అనబోయాడు. పక్షి తల తిప్పి ఆయనను చూసింది. కళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. తోక కింద తెల్లటి మచ్చ. ప్యారామాటా లైబ్రరీ నుంచి తెచ్చిన పక్షుల పుస్తకం ఆయన ఒళ్లోనే ఉంది. నలభై ఒకటో పుట.

“ఏవండీ, మిమ్మల్నే.”

మంగళ తలుపు దగ్గర నిలబడి తండ్రికేసి కళ్లు పెద్దవి చేసి, అవునని చెప్పమన్నట్టు తల ఊపింది.

“కాదు ప్రసూనా,” అన్నాడు జనార్దనరావు. “కరవాంగ్. కాకుల కుటుంబం కాదు.”

జ్ఞానప్రసూన మరో ముద్ద కలిపి తెచ్చి పిట్టగోడ మీద పెట్టింది.

“నాన్నా, ప్లీజ్,” అంది మంగళ ఆయనను గదిలోకి లాగి. “ఒక్క వర్డ్. యెస్ అనుంటే ఏం పోయేది? అమ్మకి షుగర్ డ్రాప్ అయితే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.”

“ఎదురుగానే ఉందిగా,” అన్నాడు ఆయన. అన్న మాట తనకే నచ్చలేదు.

మంగళ యోగానంద్‌కు ఫోన్ చేసింది. అతనిది వరంగల్. వారంలో ఐదు రోజులు ఆమె ఆఫీసులోనే ప్రోగ్రామర్, మిగిలిన రెండు రోజులు వ్రతాలూ గృహప్రవేశాలూ చేయించే పురోహితుడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టింది.

“అంకుల్, అది నల్లగున్నదా?” అన్నాడు యోగానంద్.

“ఉంది.”

“రెక్కలున్నయా? ముద్ద తిన్నదా? ఇంకేం గావాలె. టెస్ట్ పాసయినట్టే. పితృదేవతలు ఇంత దూరమొస్తే ఈడ దొరికిన బండే ఎక్కాలె గదా, తెనాలి బండి కావాలంటె యాడికెళ్లి వస్తది? ఆంటీని తినమనుండ్రి.”

జ్ఞానప్రసూన ఫోన్‌కు నమస్కారం పెట్టింది. “మంచివారండీ మీరు. మీరు నాకోసం అవునంటారు.” తరవాత కూతురితో మెల్లగా అంది. “మీ నాన్న అనరు. అందుకే ఆయన్నడిగాను. ఆయన కాకి అంటే అది కాకే. ఇంకొంచెంసేపు చూద్దాం.”

జనార్దనరావు కుర్చీలో కూలబడ్డాడు. ముప్పయ్యేళ్లుగా కష్టపడి సంపాదించుకున్న పరువు ఇలా అడ్డం తిరుగుతుందని ఊహించలేదు. ఆయన దేన్నీ నమ్మడు గనుకనే ఆమె ఆయనను నమ్ముతోంది. ఒక్క అబద్ధంతో ఆమెకు అన్నం దొరుకుతుంది, కానీ ఇక ఆయన మాటకు విలువుండదు. నిజం చెప్పి కూర్చుంటే ఆమె చెయ్యి వణుకుతూనే ఉంటుంది. ఈ సమీకరణానికి ఆయన దగ్గర సాధన లేదు.

రెండయింది. “క్యాసెట్ చెక్ చెయ్యాలిగా,” అని మంగళ టీవీ పెట్టింది, తల్లి దృష్టి మళ్లుతుందని. జ్ఞానప్రసూన బాల్కనీ తలుపు తెరిచే ఉంచి, పిట్టగోడ కనిపించేలా సోఫా అంచున కూర్చుంది.

ఉరుములు, కోట, దొర. జనార్దనరావు అలవాటు కొద్దీ లేచి టీవీ పక్కన నిలబడి వ్యాఖ్యానం మొదలుపెట్టాడు. కాకి కొట్టింది. దొర ఏడ్చాడు. పుస్తకం దిగింది. గోడ మీద గుండ్రం వెలిసింది. కాకి బిస్కెట్టు ముక్కున కరుచుకుంది.

“కాకికి ఆకలి వేసింది, తిన్నది, పోయింది. అర్థమంతా మనిషి...”

కాకి పోలేదు.

బిస్కెట్టు కరుచుకుని బల్ల మీద టపటపా నడిచి, తెరిచి ఉన్న పుస్తకం మీదుగా దాటి, ఏడవడానికి దొర బార్లా తెరిచిన నోట్లో దాన్ని పెట్టింది. దొర ఏడుపు సగంలో ఆగింది. అలవాటు తప్పిన దవడలు కిర్రుమని కదిలాయి. కాకి పళ్లెం మీద మళ్లీ మూడుసార్లు కొట్టింది. దొర రెండోది తిన్నాడు, మూడోది తిన్నాడు. బుగ్గలకు గుండ్రదనం వచ్చింది. బయట ఉరుము ఒకటి సగం ఉరిమి, సిగ్గుపడినట్టు మానేసింది. దొర గోడ మీద భార్య పటాన్ని చూసి, మూతి తుడుచుకుని, చిన్నగా నవ్వాడు. కాకి ఖాళీ పళ్లెం వంక చూసింది. తనకు పొడి కూడా మిగల్లేదు. నిట్టూర్చి, మఫ్లరు బిగించుకుని, వానలోకి నడిచింది. ఎదురు కొండ మీద ఇంకో కోట, అందులో ఇంకో దొర ఏడుస్తున్నాడు. సమాప్తం.

నిమిషం సేపు నిండా నడిచింది ఆ భాగం.

జనార్దనరావు నోరు కూడా దొర నోరంత తెరుచుకునే ఉంది. మూడు బిస్కెట్లు, మూడు దెబ్బలు. ఇంత తేలిక లెక్క రెండువందల పద్నాలుగు సార్లు కళ్ల ముందు జరిగినా ఆయనకు అందలేదు. కాకి తిండి అడగలేదు, తినమంది. సుద్దముక్క గుండ్రంలో విశ్వాన్ని చూసిన దొరను ఆయన ముప్పయ్యేళ్లు వెక్కిరించాడు. అదే గుండ్రంలో తన సిద్ధాంతాన్ని చూసుకున్నాడు.

“నాకు మొదట్నుంచీ అనుమానమే,” అంది జ్ఞానప్రసూన. “పళ్లెం ఆయనదైతే తినవలసింది ఆయనేగా.”

జనార్దనరావు వంటింట్లోకి వెళ్లాడు. గిన్నెల మూతల చప్పుడు చాలాసేపు వినిపించింది. ఏది ఎక్కడుంటుందో ఆయనకు తెలియదు. రెండు పళ్లేలతో వచ్చాడు. ఒకటి ఆమె ముందు పెట్టాడు. ఒకటి తన ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ తరవాత చూపుడువేలితో ఆమె పళ్లెం అంచు మీద మూడుసార్లు కొట్టాడు.

“కాకి రాలేదండీ,” అంది ఆమె.

“రాలేదు. వచ్చిందని చెప్పను. మా అమ్మ ఇప్పుడెక్కడైనా ఉందో లేదో దాని గురించీ చెప్పను, నా దగ్గర ఆధారం లేదు. ఉన్న ఆధారం చెబుతాను. నలభై ఏళ్లకు పైగా నేను కళ్లారా చూసినది. ఆవిడ పన్నెండు దాటితే ఇంట్లో ఎవర్నీ ఆకలితో కూర్చోనిచ్చేది కాదు. నాకు ఇరవై మూడో ఏట దేవుడు లేడని తేలింది. తేలిన రోజున అన్నం మానేసి అరుగు మీద కూర్చున్నాను, ఆవిడొచ్చి ఏడుస్తుందనీ వాదిస్తుందనీ. ఆవిడొచ్చి, ‘లేకపోతే లేడు, లే, పప్పు చల్లారిపోతోంది’ అంది.”

మంగళ పకపకా నవ్వింది. జ్ఞానప్రసూన భర్త ముఖంలోకి చూసింది. ఈ కథ ఆమె ఎన్నడూ వినలేదు.

“నిజంగా అన్నారా?”

“నేనెప్పుడైనా...”

“లేదులెండి.” ఆమె గారె తుంచి అల్లప్పచ్చడిలో అద్దింది. ఒక ముద్ద, రెండు ముద్దలు. చెయ్యి వణకడం కాసేపటికి తగ్గింది. జనార్దనరావు కూడా తిన్నాడు. పదకొండేళ్లలో ఆ తిథినాడు ఆమెతో కలిసి తినడం అదే మొదటిసారి. గారెలు బాగున్నాయని అన్నాడు. ఆయన అన్నాడంటే బాగున్నట్టే.

ఉపన్యాసానికి ముగ్గురూ వెళ్లారు. రెండో ముద్ద పిట్టగోడ మీద అలాగే ఉంది. హాల్లో నలభై మంది ఉన్నారు. ఆయన క్యాసెట్ వేయించి, ఈసారి వ్యాఖ్యానం చెప్పకుండా ఒక మూల కూర్చుని, అయ్యాక లేచాడు. చివర చూడని సినిమాకు ముప్పయ్యేళ్లు అర్థం చెప్పిన మనిషినని, ఆ అర్థం తప్పని, క్షమించమని చెప్పాడు. యోగానంద్ గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఫుర్కాన్ లేచి నిలబడి, “దొర తిన్నడు సార్, దిల్ ఖుష్ అయింది,” అన్నాడు.

“డిసెంబరు ముప్పయి ఒకటిన ఏమవుతుందంటారు మేష్టారూ?” అని వెనక నుంచి ఎవరో అడిగారు.

“కంప్యూటర్ల సంగతి మా అమ్మాయిని అడగండి, ఆ పని చేసేది వాళ్లు. మంచాల కింద బియ్యం మాత్రం పురుగు పట్టకముందే వండుకోండి.”

ఇంటికి వచ్చేసరికి ఆరయింది. చీకటి పడింది. జ్ఞానప్రసూన బాల్కనీ దీపం వేసింది. పిట్టగోడ మీద ముద్ద లేదు. ఒక్క మెతుకు లేదు.

“ఏవండీ, ఏది తిన్నదంటారు?”

జనార్దనరావు పిట్టగోడను పరీక్షించాడు. ఈక లేదు, రెట్ట లేదు, కాలి గుర్తు లేదు. “చూడలేదు. ఇక్కడ చీకటి పడ్డాక తిరిగే పోసమ్‌లనే జంతువులు కూడా ఉంటాయి. చూడనిదాని గురించి చెప్పలేను.”

“కాకి కాదని చెప్పలేరుగా?”

ఆయన వంగి పిట్టగోడను మరోసారి చూశాడు. “చెప్పలేను.”

“చాలు,” అని ఆమె దీపం తీసేసి లోపలికి వెళ్లింది.

మర్నాడు ఆయన తపాలా కార్యాలయానికి వెళ్లి విమాన ఉత్తరాలు ఒక కట్ట తెచ్చాడు. నోటుపుస్తకం తెరిచి, మొదటి పేరు దగ్గర వేలు పెట్టాడు. ‘ప్రధానోపాధ్యాయులు గారికి, దుగ్గిరాల. తమ పాఠశాలలో 1971 నవంబరు పద్దెనిమిదిన నేను ప్రదర్శించిన చలనచిత్రానికి చేసిన వ్యాఖ్యానంలో ఒక పొరపాటు దొర్లినది. సదరు కాకి ఆహారమును కోరలేదు. దొరను భుజించమని చెప్పినది. ఆనాటి విద్యార్థులు ఎవరైనా తటస్థపడినచో దయచేసి తెలియజేయగలరు.’

“ఎన్నయ్యాయి?” అంది జ్ఞానప్రసూన, పన్నెండింటికి.

“ఏడు.”

ఆమె బల్ల మీద వేలితో మూడుసార్లు కొట్టింది. ఆయన కలం మూత పెట్టి లేచాడు.